చిలుము

"వరద నీళ్ళలో దించానని మా అన్నయ్యకు మాత్రం చెప్పకు బాబాయ్," అంది నర్సు, షెడ్డులో ఆగిన కారు పక్కన నిలబడి. "కన్నబిడ్డలా చూసుకున్న బండి. ఊళ్ళు తిరిగే ఉద్యోగం కదా అని నాకు సగం ధరకే ఇచ్చాడు. నెల తిరక్కుండా పాడుచేశాను."

మెకానిక్ స్టీరింగు కింది మూత విప్పుతున్నాడు.

"నీళ్ళు ఎందాకా వచ్చాయి?"

"సగం టైరు దాకా. లోపలికి చుక్క రాలేదు. అవతలి ఊళ్ళో కాన్పు. ఎలా ఆగను?"

"వైరింగంతా పోయింది. నువ్వు వేసే సూదితో లేచే రోగం కాదు. మూడు నెలల జీతం వదులుతుంది."

"వదిలితే వదిలింది. అన్నయ్య ముందు తలెత్తుకోవాలిగా."

అతను వైర్ల గుత్తిని బయటికి లాగి ఆమెకు చూపించాడు. రాగి తీగల నిండా పచ్చటి చిలుము. వెనక సందుల్లో ఒండ్రు ఎండి గడ్డకట్టింది.

"ఇది నిన్నటిది కాదమ్మాయ్. ఒక్కరోజులో పట్టేది కాదు. ఈ బండి ఇదివరకే కప్పు దాకా మునిగింది."

ఆమె వంగి ఆ చిలుమును గోటితో గీకి చూసింది.

"అయితే అన్నయ్యకెవరో అంటగట్టారన్నమాట. పాపం, ఒట్టి అమాయకుడు."

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మునిగింది మీ అన్నయ్య చేతిలోనే. కడిగి, కంపు పోయేదాకా ఎండబెట్టి ఇచ్చింది నేను. నీకని తెలిస్తే ముట్టుకునేవాణ్ణి కాదు. ఎవరో బయటివాళ్ళకి అమ్ముతానన్నాడు."