కనకవల్లిగారి తీరని కోరిక

ఏ నాగరికత ఔన్నత్యాన్నైనా అది నిర్మించుకున్న కాకిని బట్టి కొలవవలసి ఉంటుంది. అసలు కాకులు అంతరించాక, పదోరోజు పిండం ముట్టడానికి యంత్రకాకులే వస్తున్నాయి. పోయినవారి జీవితమంతా వాటికి కంఠస్థం. తీరని కోరిక తీరితే తప్ప వాలవు.

రాజమండ్రిలో కనకవల్లిగారి పదోరోజున ఆ కాకి మేడ పిట్టగోడ మీద కూర్చుని గంటసేపు కదలలేదు. వంటయంత్రం ఆవిడ చేతి కొలతలను పొల్లుపోకుండా అనుకరించి గుత్తివంకాయ, పులిహోర, బూరెలు వండింది. కాకి వాటిని చూసి ముఖం తిప్పుకుంది.

"నలభై ఏళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా? మీ అమ్మకి గుత్తివంకాయే ఇష్టం!" అన్నారు భర్త పురుషోత్తంగారు.

"అది నీకిష్టం నాన్నా. అమ్మ తింటుండగా ఎప్పుడైనా చూశావా?" అంది కూతురు హిమజ.

ఆవిడ అందరూ తిని లేచాకే తినేది.

"పొద్దు వాలేలోపు ముట్టకపోతే ఆవిడకి శాంతి ఉండదు బాబూ," అన్నారు శాస్త్రిగారు.

పురుషోత్తంగారు జీవితంలో తొలిసారి వంటగదిలో అడుగుపెట్టి, యంత్రాన్ని ఆపి, ఉండలు కట్టిన ఉప్మాతో దిగ్విజయులై తిరిగివచ్చారు. ఆకులో పెట్టగానే కాకి రివ్వున వాలింది.

"చూశావుటే! నా చేతి ఉప్మా అంటే మీ అమ్మకి ప్రాణం!" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

కాకి రొమ్ము మీద వెలిగిన అక్షరాలను హిమజ పైకి చదివింది: "తీరిన కోరిక: మరో మనిషి వండిపెట్టడం. వంటకం: ఏదైనా సరే."

గిన్నెలో మిగిలిన ఉప్మాను ఆయన రుచి చూశారు. అందులో ఉప్పు లేదు.