పెళ్ళికొడుకు ఎందుకు రాలేదు

"పెళ్ళికొడుకు ఇంకా రాలే," అంటూ హరికిషన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కార్ఖానా అనే పేటలో చర్చికి ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ అది. ఎదుటి కుర్చీలో సూటు వేసుకున్న మనిషెవరో అతనికి తెలియదు. ఆ మనిషి పేరు ఇవాన్. కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాడు.

"మీరు సుత పెళ్ళికేనా?"

"అవునండీ."

"నేను పిల్ల తండ్రితోని ఆఫీసుల పనిచేసిన. లోపల ఉక్కపోస్తుంటే చాయ్‌కి వచ్చిన. తలా ఓ మాట అంటున్రు. ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడంట. ఫోన్‌ల చార్జింగ్ అయిపోయిందంట. తోడు రావాల్సినోడు దారి తప్పిండంట."

ఇవాన్‌కి పాఠం చెప్పే హుషారు వచ్చేసింది.

"చూడండి, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సంగతులు నమ్మమంటున్నారు. సిద్ధాంతం ఎంత సరళమో కొలిచేది అక్కడే. ఊరికే నమ్మాల్సినవి ఎంత తక్కువైతే అంత మంచి సిద్ధాంతం."

"మీ కొలతల ఏమొస్తది?"

"భయం. అదొక్కటి నమ్మితే చాలు. రాకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం అన్నీ అందులోనే ఇమిడిపోతాయి."

హరికిషన్ బిస్కెట్టు చాయ్‌లో ముంచాడు. "పిల్లంటే ఇష్టం లేదా వానికి?"

"ఇష్టం లేకపోతే ఇంతదాకా వస్తాడా?"

"గట్లయితే రెండు నమ్మాలె. ఇష్టం ఒకటి, భయం ఒకటి. మళ్ల ఎందుకు భయమో అది సుత చెప్పాలె. ఎందుకు?"

ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ ఇవాన్‌ని అంత ఇరకాటంలో పెట్టలేదు.

"నాది ఇంకా సింపుల్ సార్. చాయ్ తాగనీకి పోయిండు. తాగినంక వస్తడు."

నవ్వి కొట్టిపారేద్దామనుకున్నాడు ఇవాన్. కానీ ఆ సిద్ధాంతాన్ని మనసులో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తీసేయడానికి అందులో ఒక్క ముక్క కూడా దొరకలేదు.

"తాగాక కూడా రాకపోతే?" అన్నాడు చివరికి.

"అప్పుడు మీదే కరెక్ట్."

ఇవాన్ మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

కోటు గుండీలు పెట్టుకుని, రోడ్డు దాటి, జనం మధ్యగా చర్చి ఆ చివరిదాకా నడిచి, మేలిముసుగులోంచి గుర్రుగా చూస్తున్న పెళ్ళికూతురి పక్కన నిలబడి, "పాస్టర్ గారూ, ఇక మొదలుపెట్టండి," అన్నాడు.