పక్క సీటావిడ

పొట్టంగి కొండల మీదకి రాగానే విమానం ఒక్కసారిగా కిందికి జారింది.

మేధ కళ్ళు గట్టిగా మూసుకుంది.

పైలట్ శిక్షణలో ఉన్న పిల్ల. కిందటి నెల ఆమె నడుపుతున్న విమానం అద్దానికి గద్ద కొట్టుకుంది. శిక్షకుడు క్షేమంగా దించాడు గానీ, మేధ మళ్ళీ విమానం ముట్టలేదు. చదువు మానేసి జయపురంలో ఇంటికి వెళ్ళిపోతోంది. కొండచరియలు పడి ఘాట్ రోడ్డు మూసేశారు గనక, గత్యంతరం లేక ఈ తొమ్మిది సీట్ల విమానం ఎక్కింది.

పక్క సీటావిడ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మీ, బయమేస్తంది. ఏటైంది?"

"ఏం కాలేదు. చెయ్యి వదలండి," విసుక్కుంది మేధ.

ఆవిడ వదల్లేదు.

"నీ సొక్కా మీద ఇమానం బొమ్మున్నాది. నీకు తెల్దేటి? సెప్పమ్మీ."

చెప్పక తప్పలేదు.

"కొండగాలి పైకీ కిందికీ తోస్తుంది. గతుకుల్లో బస్సులాగే. అంతే."

"రెక్కలిరిగిపోవా?"

"వంగుతాయి, విరగవు."

జయపురం రన్‌వే దగ్గర పడింది. చక్రాలు ఇంకాసేపట్లో నేలను తాకుతాయనగా, పక్క పొలాల్లోంచి కొంగల గుంపు లేచింది.

ఇంజను గర్జించింది. విమానం మళ్ళీ పైకి లేచింది. వెనక ఎవరో కెవ్వుమన్నారు.



"అమ్మీ! దిగకుండా పైకెల్తందేటి?" ఆవిడ చెయ్యి ఇంకా బిగిసింది.

"కొంగలు... కెప్టెన్ చూశారు. అవి తప్పుకునేదాకా ఓ చుట్టు తిరిగి వస్తారు. నేనున్నా..."

"ఊఁ, నువ్వున్నా?"

"ఆ సీట్లో నేనున్నా అదే చేస్తాను."

ఆ మాటన్నాక గానీ మేధకి తెలియలేదు, తన కళ్ళు తెరుచుకునే ఉన్నాయని. చూపు ముందు తలుపులేని కాక్‌పిట్‌లో కెప్టెన్ చేతుల మీదే ఉందని.

రెండోసారి చక్రాలు మెత్తగా నేలకి ఆనాయి.

ఆవిడ గబగబా దిగిపోయింది. మేధ కిందికి వచ్చేసరికి కంచె అవతల ఆటో ఎక్కి వెళ్ళిపోతోంది.

కెప్టెన్ పుష్ప విమానం పక్కనే నిలబడి ఉంది. మేధ చొక్కా చూసి, "ట్రైనింగా?" అంది.

"అవును మేడమ్. రేపే తిరిగి వెళ్తాను." ఆ జవాబుకి మేధే ఆశ్చర్యపోయింది. "పాపం, నా పక్క సీటావిడ దారంతా భయపడ్డారు. ముందు నేను విసుక్కున్నాను కూడా. పేరైనా అడగలేదు."

"అమ్మన్నమ్మ. మా అమ్మే." పుష్ప ఆటో వెళ్ళినవైపు చూసింది. "బయపడిందా? శిక్షణలో ఇమానం కూలి మా తమ్ముడు సుమంత్ సచ్చిపోయేక, నేనింక ఎగరనని మూల కూకుంటే, సెయ్యట్టుకుని నన్ను మల్లీ ఇమానం ఎక్కించింది ఆవిడే."