పొద్దుటి చిటికెడు

అనకాపల్లిలో ఇప్పుడు పొడపత్రి తీగ పాకని గుమ్మం లేదు. మాత్రల కాలం పోయింది. పొద్దున్నే నాలుగాకులు నమలడమే చక్కెరజబ్బుకి మందు. ఆ ఆకు నమిలిన నాలుకకి కాసేపు తీపి తెలీదు, పంచదార వేసినా ఇసుకలా ఉంటుంది. అందుకే ఆకు నమిలారో లేదో తేల్చడానికి ఇంటింటా చిటికెడు పంచదారే పరీక్ష.

బెల్లం మార్కెట్లో ముప్పయ్యేళ్లు రుచి చూసి రకం తేల్చిన సన్నిబాబు ఆ పరీక్షలో ఏనాడూ తప్పలేదు. అయినా అతని కాలి పుండు మానడం లేదు. భార్య నూకరత్నానికి అనుమానం ఆకు మీద కాదు, మొగుడి మీదే. తన చెయ్యి అతని నోటిదాకా రాకముందే ఆ మొహం ఎందుకలా బిగుసుకుంటుంది?

ఆ పొద్దున కూడా చిటికెడు అతని నాలుక మీద వేసి, కళ్లలోకి చూసింది.

సన్నిబాబు గుటుక్కున మింగేశాడు.

"ఎలాగుంది మావా?"

"ఏటుంటాదే? రోజూలాగే ఇసక."

నూకరత్నం అతని కాలికట్టు వైపు చూసింది.

"ఆకు తీపినొక్కదాన్నే చంపుతాది మావా," అంది మెల్లగా. "ఇయాళ నేనేసింది ఉప్పు."