కవర్ల కవరు

“కవర్ల కవరు తీశావా?” అని గుమ్మంలోంచే అడిగాడు షావుకారు.

“తీశానండీ. తీస్తుంటే ప్రాణం పోయినంత పనైంది,” అంది భార్య వంటింట్లోంచి.

తలుపు వెనక మేకుకు వేలాడే ఆ పెద్ద కవరులో చిన్న కవర్లు, వాటిలో ఇంకా చిన్నవి, పెళ్ళైన కొత్తలో కొన్న చీర తాలూకు కవరు దాకా ఉన్నాయి. షావుకారుది కిరాణా కొట్టు. ఊరికే వచ్చినదాన్ని పారేసేవాడు వ్యాపారానికి పనికిరాడన్నది అతని సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని ఇవాళ అటకెక్కించక తప్పలేదు. అమ్మాయి తన ఆఫీసులోనే పనిచేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. అతని తల్లిదండ్రులు మొదటిసారి ఇంటికి వస్తున్నారు.

“వాళ్ళకి పర్యావరణం అంటే ప్రాణం నాన్నా. ప్లాస్టిక్ కంటబడితే గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు,” అని నెల కిందటే చెప్పింది అమ్మాయి. “మనమూ అంతేనని చెప్పేశాను.”

“చెప్పేముందు నన్నొక మాట అడగొద్దా తల్లీ?”

“అడిగితే ఒప్పుకునేవాడివా?”

నష్టం బేరమే. కానీ కూతురి ముఖం చూశాక ఏ తండ్రి మాత్రం తక్కెడ పట్టుకుంటాడు?

ఆ రోజు నుంచీ ఇంట్లో తర్ఫీదు మొదలైంది. షవరు బంద్, బకెట్టు నీళ్ళే స్నానం. గది దాటితే స్విచ్చి ఆపాలి. కూరగాయల తొక్కలు బాల్కనీలో కుండలోకి. కొట్టుకి నడక, బజారుకి గుడ్డసంచి. సంచి మరిచిపోయిన రోజున షావుకారు టమాటాలు చొక్కా అంచులో పోసుకుని, పొట్ట బయటపెట్టుకుని వీధంతా నడిచాడు. నాలుగో వారానికి ఆ పొట్ట కాస్త తగ్గింది. కరెంటు బిల్లు చూసి మీసం దువ్వాడు. ఇందులో లాభం ఉందే అనుకున్నాడు గానీ పైకి అనలేదు. సరుకు నచ్చినట్టు తెలిస్తే ధర పెరుగుతుంది.

అయినా కవర్లనూ, సీసాలనూ, పప్పులు పోసుకునే ఐస్‌క్రీం డబ్బాలనూ పారేయడానికి చెయ్యాడలేదు. భార్య తీసిపెట్టినవన్నీ దుప్పట్లో మూటగట్టి, కింద దర్జీ కొట్లో పెట్టి వచ్చాడు.

ఆటో ఆగిన చప్పుడైంది. మనుషులు మాత్రం చాలాసేపటికి గానీ పైకి రాలేదు.

కాబోయే వియ్యపురాలి చేతిలో మడతలైనా పోని గుడ్డసంచి. అందులోంచి స్టీలు సీసా తీసింది. మూత ఎటు తిప్పాలో తెలియక కాసేపు తంటాలు పడింది. సీసా అడుగున ధర చీటీ అలాగే ఉంది. ఎంత పదిలంగా వాడుకుంటున్నారో అని ముచ్చటపడ్డాడు షావుకారు.

“మాకు ఫ్యాను అలవాటు లేదండీ,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“మాకూ అంతేనండీ. కిటికీ గాలే ఆరోగ్యం,” అన్నాడు కాబోయే వియ్యంకుడు. ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళు మాత్రం పైన ఆగి ఉన్న ఫ్యానునే చూస్తున్నాయి, దూరమైన చుట్టాన్ని చూసినట్టు.

“మేం కాసేపు కింద మాట్లాడుకొస్తాం,” అని అమ్మాయీ అబ్బాయీ లేచారు.

వీధిలో పాత సామాన్లవాడి కేక వినిపించింది. మన మూట భద్రంగా ఉందిలే అని షావుకారు నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాట అనుకున్నంతసేపు పట్టలేదు. ఆరోగ్యమైన ఆ కిటికీ గాలికే సోఫా కిందనుంచి ఒక కవరు గరగరమంటూ పాక్కుంటూ వచ్చింది.

అందరూ బిగుసుకుపోయారు. షావుకారు కాలు లేపేలోపే వియ్యపురాలు దానిమీద కాలు వేసింది. పాలిపోయిన ముఖంతో వంగి, దాన్ని గబుక్కున తన సంచిలో కుక్కేసుకుంది.

సాక్ష్యం చేజిక్కింది, సంబంధం గంగలో కలిసింది అనుకున్నాడు షావుకారు. భార్య కొంగు నోట్లో పెట్టుకుంది.

కానీ ఆవిడ ఆ సంచిని వీపు వెనక్కి దాచుకుంది. పైగా భర్త మోచేతిని పొడిచింది.

“మీలాంటి వాళ్ళు దొరకడం మా అదృష్టమండీ. ముహూర్తం మీరే చూడండి,” అన్నాడాయన గబగబా. “ఇకనుంచి ప్రతి ఆదివారం మీరు మా ఇంటికి, మేం మీ ఇంటికి.”

తప్పు చూసి కూడా కడుపులో పెట్టుకున్న మహాతల్లి అని షావుకారు కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఈ ఉక్కపోతేనా అని ఒళ్ళంతా చెమర్చింది.

అంతలో పిల్లలిద్దరూ చేతులు దులుపుకుంటూ పైకొచ్చారు. నవ్వు ఆపుకోలేక ఒకరివైపు ఒకరు చూడడమే మానేశారు. ప్రేమ మరి అనుకున్నాడు షావుకారు.

సాగనంపడానికి అందరూ కిందికి దిగారు. వియ్యంకుడు దర్జీ కొట్టు ముందు ఆగిపోయాడు.

“మీరు పైకెళ్ళండి బావగారూ, మేం వెళ్తాం.”

“ఎంతమాట. మిమ్మల్ని ఆటో ఎక్కించకుండా కదులుతానా?”

“గుండీ ఒకటి ఊడింది, కుట్టించుకుని...”

“అన్నీ ఉన్నాయి కదండీ.”

ఆటో రానే వచ్చింది. ఎక్కక తప్పలేదు. మలుపు తిరిగేదాకా మొగుడూపెళ్ళాలిద్దరూ మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉన్నారు. ఎంత ఆప్యాయత అనుకుంటూ చెయ్యూపాడు షావుకారు.

ఆటో కనుమరుగు కాగానే దర్జీ దగ్గరికి ఉరికాడు.

“గండం గట్టెక్కింది తమ్ముడూ. ఇక నా మూట ఇటివ్వు.”

దర్జీ మిషను మీద కాలు ఆపి, అతన్ని ఎగాదిగా చూశాడు.

“మీ మూటా, ఆటో దిగగానే వాళ్ళు నా దగ్గర దాచిన కవర్ల మూటా పిల్లలిద్దరూ కలిసి ఇందాకే పాత సామాన్ల బండెక్కించేశారుగా అన్నగారూ.”