హైదా కొయ్యకు పసుపు

నైజాం రోజుల్లో వనపర్తి దగ్గరి ఒక దొర బంగళాలో, వింత వస్తువుల గదికి కురుమూర్తి కాపలాదారు. సముద్రాల అవతల హైదా జాతివారి ఊరి నుంచి పెకలించి తెచ్చిన కొయ్య స్తంభాన్ని ఆ పగలే అక్కడ నిలబెట్టారు. దాని మీద చెక్కిన బొమ్మలు: కాకి మీద ఎలుగు, ఎలుగు మీద మనిషి ముఖం.

చీకటి పడ్డాక దాన్ని చూస్తే కురుమూర్తికి జాలేసింది. ఊరి నడుమ పాతిన బొడ్రాయికి చేసినట్టే పసుపు పూసి, తానూ స్తంభమూ లోపలుండేలా చుట్టూ నీళ్ల ధార పోశాడు.

బువ్వ తెచ్చిన భార్య పెంటమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"పొలిమేర కట్టినవా? ఇగ ఆ రాయి ఊరోళ్లొచ్చి కట్టు విడిచేదాంక లోపలోళ్లు బయటికి రావద్దు గద."

కురుమూర్తి నవ్వి అడుగేశాడు. నీటి గీత దగ్గర కాలు ఆగిపోయింది. మళ్లీ ఎత్తాడు. ముందుకు పడలేదు.

"దీని ఊరోళ్లు యాడుంటరు?" అంది పెంటమ్మ మెల్లగా.

సముద్రం ఎన్నడూ చూడని కురుమూర్తికి, వెనక స్తంభంలోంచి అలల హోరు వినబడింది. ఆ హోరులో పడవ తెడ్ల చప్పుడు దగ్గరవుతోంది.