ఒక్క నా మొహానికే

“ఈ తల్లీకూతుళ్లను ఈరోజే ఊళ్లోంచి తరిమేయాల,” అన్నాడు మధుబాబు.

జువ్వలదిన్నె రేవులో జనం మూగారు. పేదదాన్ని నిలదీస్తున్నారంటే అందరికీ తీరిక దొరుకుతుంది. మధుబాబుకు రెండు పడవలున్నాయి. ఆ పడవల చేపలు ఎండబెట్టి భానుప్రియ బతుకుతోంది. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. పొద్దున మధుబాబు కొత్త ఫోన్ కనబడలేదు. వెతికితే ఆమె కూతురి చేతిలో దొరికింది.

“దొరికింది కదరా, వదిలేయ్,” అన్నాడు ఊరి పెద్ద కామాక్షయ్య.

“కుదరదు మామా. ఇద్దరూ పోవాల్సిందే.”

“నేను దొంగతనం చెయ్యలా తాతా,” అంది పిల్ల. “వల మీద పడుంటే తీసి బొమ్మలు చూసినా. అంతే.”

మధుబాబు పగలబడి నవ్వాడు. “విన్నావా మామా? బొమ్మలు చూసిందంట. లక్ష రూపాయల ఫోన్‌లో ఉండేవన్నీ ఇందులో ఉన్నాయి, పావు ధరకే. మొహం చూసి తాళం తీస్తాది. ఒక్క నా మొహానికే. నా పెళ్లాం చూసినా తియ్యదు.”

“అవును మామా,” అంది అతని భార్య వనజాక్షి. “నాకే తెరుచుకోలా, దీనికెట్టా తెరుచుకుంటాది? అబద్ధాలకు పుట్టినట్టుంది.”

కామాక్షయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. “అబద్ధమాడే పిల్ల దొంగతనమూ చేస్తాది.”

“అబద్ధం కాదు. ఇప్పుడు చూపిస్తా,” అంది పిల్ల.

“చూపించు మరి. ఊరంతా చూడాల.” మధుబాబు ఫోన్ ముందుకు చాపాడు.

భానుప్రియ గబుక్కున పిల్ల మొహాన్ని కొంగులోకి లాక్కుంది.

“వద్దు. నేనే తీసినా. దొంగతనం చేసినా. ఇప్పుడే పోతాం, వదిలేయండి.”

ఎవరో కాండ్రించి ఉమ్మేశారు. “ఒప్పుకునింది, చూసినారా,” అన్నాడు మధుబాబు. “ఇంకేం కావాల?”

పిల్లకు రోషం పొడుచుకొచ్చింది. వాళ్లమ్మ దొంగ కాదు. కొంగు విదిలించుకుని, అతని చేతిలోని ఫోన్ లాక్కుని, ఎదురుగా పెట్టుకుని సూటిగా చూసింది.

తాళం చటుక్కున తెరుచుకుంది, కానీ వనజాక్షి ఫోన్ వంక చూడలేదు, ఆ పిల్ల మొహాన్నీ తన మొగుడి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.